జీతం ఎవరు నిర్ణయిస్తారు, ఏ తేదీ నుంచి ఇస్తారు?

ప్రశ్న: నేను తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. తొమ్మిదో తరగతిలో శాసనసభ గురించి పాఠం జరుగుతుండగా ఒక అమ్మాయి లేచి, ‘సార్, ఎమ్మెల్యేల జీతం ఎవరు పెంచుతారు?’ అని అడిగింది. ‘వాళ్లే పెంచుకుంటారమ్మా’ అన్నాను. ‘మరి మీ జీతం మీరెందుకు పెంచుకోరు సార్?’ అంది. తరగతంతా నవ్వింది కానీ నాకు జవాబు తోచలేదు. మేము పీఆర్సీ (వేతన సవరణ సంఘం) కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తాం. వాళ్లకు ఒక్క పూటలో బిల్లు ఆమోదం పొందుతుంది. అందుకే శాసనసభ వినతుల కమిటీకి పంపడానికి ఒక విజ్ఞాపన రాశాను, నకలు జతపరుస్తున్నాను. ప్రజాసేవకు జీతం అక్కరలేదు కాబట్టి శాసనసభ్యుల జీతాలు రద్దు చేయాలని మొదటి పేరాలో, ఉద్యోగులకు, ప్రజాప్రతినిధులకు ఒకే పద్ధతి ఉండాలని రెండో పేరాలో, న్యాయమూర్తుల జీతాలను కూడా సగానికి తగ్గించాలని మూడో పేరాలో కోరాను. ఇది సరిగ్గా ఉందో లేదో చెప్పగలరు. — ఒక ఉపాధ్యాయుడు

సమాధానం: మీ ఉత్తరాన్ని, విజ్ఞాపనను రెండుసార్లు చదివాను. ఖజానా కార్యాలయంలో ముప్పై ఏళ్లు జీతాల బిల్లులు తనిఖీ చేసినవాడిని కాబట్టి మీ బాధ నాకు కొత్త కాదు. ప్రతి పీఆర్సీ సమయంలోనూ కౌంటరు దగ్గర నిలబడి ఇదే మాట అనే ఉపాధ్యాయులను ఎందరినో చూశాను. మీ విద్యార్థిని అడిగిన ప్రశ్న చాలా మంచి ప్రశ్న, మీ విజ్ఞాపన మాత్రం ఆ ప్రశ్నను వదిలేసి వేరే దారి పట్టింది. ఆ అమ్మాయి ‘ఎంత?’ అని అడగలేదు, ‘ఎవరు?’ అని అడిగింది. మీరు మూడు పేరాల్లోనూ ‘ఎంత’ దగ్గరే ఆగిపోయారు.

ప్రభుత్వ ధనం నుంచి జీతం తీసుకునే వారందరూ మన కంటికి ఒక్కలాగే కనిపించినా, ఎవరి జీతాన్ని ఎవరు నిర్ణయించాలన్న విషయంలో రాజ్యాంగం వేర్వేరు దారులు వేసింది. పార్లమెంటు సభ్యుల జీతాన్ని 106వ అధికరణ పార్లమెంటుకు, శాసనసభ్యుల జీతాన్ని 195వ అధికరణ శాసనసభకు, రాష్ట్ర మంత్రుల జీతాన్ని 164వ అధికరణ మళ్లీ శాసనసభకే అప్పగించాయి. హైకోర్టు న్యాయమూర్తుల జీతాన్ని నిర్ణయించేది, 221వ అధికరణ ప్రకారం, రాష్ట్ర శాసనసభ కాదు, పార్లమెంటు. మీలాంటి రాష్ట్ర ఉద్యోగుల విషయంలో 309వ అధికరణ కింద నియమాలు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. అంటే మీ మూడో పేరాలోని కోరికను తీర్చే అధికారమే మీరు విజ్ఞాపన పంపుతున్న సభకు లేదు. అయితే ఆ పేరాను కొట్టేయమని నేను చెప్పడానికి అది చిన్న కారణం మాత్రమే. పెద్ద కారణం చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చినప్పుడు న్యాయమూర్తుల జీతాలను మామూలు చట్టానికి కూడా వదలకుండా రెండో షెడ్యూలులో అంకెలతో సహా రాసిపెట్టారు. భారత ప్రధాన న్యాయమూర్తికి నెలకు 5,000 రూపాయలు, సుప్రీంకోర్టు న్యాయమూర్తికి, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి 4,000, హైకోర్టు న్యాయమూర్తికి 3,500. ఆ అంకె మార్చాలంటే రాజ్యాంగాన్నే సవరించాలి. ప్రభుత్వానికి నచ్చని తీర్పు చెప్పిన న్యాయమూర్తి జీతంపై చేయి వేయడానికి ఎవరికీ వీలు లేకుండా వేసిన తాళం అది. ఆ తాళం ఎంత గట్టిదంటే, తగ్గించాలనుకునేవాడితో పాటు పెంచాలనుకునేవాడిని కూడా లోపలికి రానివ్వలేదు. 1986లో 54వ సవరణ వచ్చేదాకా, అంటే 36 ఏళ్ల పాటు, ఆ అంకెలు అలాగే ఉండిపోయాయి. ఈలోగా ధరలు ఎన్ని రెట్లు పెరిగాయో మీకు వేరే చెప్పనక్కరలేదు. జీతాన్ని ఎవరూ తగ్గించలేదు, కానీ అది కరిగిపోయింది. బాగా నడిచే ప్రాక్టీసు వదులుకుని 3,500 రూపాయల జీతానికి ధర్మాసనం మీదికి రమ్మంటే పేరున్న న్యాయవాదులు వెనకాడడంలో ఆశ్చర్యం ఏముంది?

54వ సవరణ రెండు పనులు చేసింది. ఆ జీతాలను 10,000, 9,000, 8,000 రూపాయల స్థాయికి పెంచింది, ఇకముందు పార్లమెంటు మామూలు చట్టంతో మార్చుకునే వీలు కల్పించింది. అప్పటినుంచి న్యాయమూర్తుల జీతం కేంద్ర వేతన సంఘాల వెనుకే నడుస్తోంది. ఏడో కేంద్ర వేతన సంఘం తర్వాత కేబినెట్ కార్యదర్శి జీతం 2,50,000 అయితే సుప్రీంకోర్టు న్యాయమూర్తికీ అంతే అయింది. రాష్ట్ర ప్రధాన కార్యదర్శికి 2,25,000 అయితే హైకోర్టు న్యాయమూర్తికీ అంతే. భారత ప్రధాన న్యాయమూర్తికి 2,80,000. ఈ చట్టం 2018 జనవరిలో వచ్చినా జీతాలు 2016 జనవరి 1 నుంచి లెక్కకు వచ్చాయి. ఈ ‘నుంచి’ అనే మాటను గుర్తుపెట్టుకోండి, మీ విషయంలో మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

అంకె మార్చుకునే వీలు వచ్చింది కదా అని రక్షణలన్నీ పోలేదు. న్యాయమూర్తిని నియమించిన తర్వాత ఆయన భత్యాలు, సదుపాయాలు, సెలవు, పింఛను హక్కులు ఆయనకు నష్టం కలిగేలా మార్చరాదని రాజ్యాంగం ఇప్పటికీ చెబుతోంది. 360వ అధికరణ కింద ఆర్థిక అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే తప్ప న్యాయమూర్తుల జీతాలను తగ్గించమనే ఆదేశం రాదు, ఆ అధికరణను ఇంతవరకు ఎవరూ వాడలేదు. రెండో రక్షణ బడ్జెట్ పుస్తకంలో ఉంది. మీకు వీలైతే రాష్ట్ర బడ్జెట్ గ్రంథాల్లో న్యాయపాలన డిమాండ్ ఉన్న సంపుటం తెరిచి చూడండి. ప్రతి పద్దు పక్కన ‘ఓటెడ్’ అనో ‘చార్జ్‌డ్’ అనో ఉంటుంది. ఓటెడ్ అన్నది సభ ఓటు వేసి మంజూరు చేయవలసిన డబ్బు. హైకోర్టు న్యాయమూర్తుల జీతాలు చార్జ్‌డ్ కిందకు వస్తాయి. వాటిపై సభ్యులు మాట్లాడవచ్చు కానీ ఓటింగు ఉండదు. సంచిత నిధి నుంచి, అంటే ప్రభుత్వ ఆదాయం చేరే ప్రధాన ఖాతా నుంచి, నేరుగా వెళ్లే డబ్బు అది. ఇంకొక సంగతి గమనించండి. హైకోర్టు న్యాయమూర్తి జీతాన్ని నిర్ణయించేది పార్లమెంటు, చెల్లించేది రాష్ట్రం, పదవీ విరమణ తర్వాత పింఛను ఇచ్చేది కేంద్రం. ఒకే చేతిలో మూడు తాళంచెవులు ఉండకుండా ఎంత జాగ్రత్త పడ్డారో చూడండి. హైకోర్టు ముందుకు వచ్చే పిటిషన్లలో చాలా భాగం ప్రభుత్వంపై వేసినవే. ఎదుటి కక్షిదారు తన జీతాన్ని తగ్గించగలడని తెలిసిన న్యాయమూర్తి ముందు మీరు మీ సర్వీసు కేసు వేసుకుంటారా? మీ మూడో పేరా కోరుతున్నది చివరికి అదే.

జీతం కోసం ప్రభుత్వంపై కోర్టుకు వెళ్లవలసి రావడం ఊహ కాదు, మన రాష్ట్రాల్లోనే జరిగింది. 2020 మార్చిలో కరోనా కారణంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ ఉద్యోగుల జీతాల్లో, పింఛన్లలో కోత పెట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక విశ్రాంత జిల్లా న్యాయమూర్తి హైకోర్టుకు వెళితే, ఆపిన డబ్బును 12 శాతం వడ్డీతో చెల్లించమని కోర్టు ఆదేశించింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది కానీ, చేసిన పనికి జీతం ఉద్యోగి హక్కేనని, ఆలస్యమైతే వడ్డీ ఇవ్వవలసిందేనని నిలబెట్టింది. ఆ తీర్పు లక్షలాది ఉద్యోగులకు, పెన్షనర్లకు అండగా నిలిచింది. అలాంటి తీర్పు చెప్పే కోర్టు జీతాన్ని సగం చేయమని ఒక ఉపాధ్యాయుడు కోరడం నాకు నిజంగా బాధ కలిగించింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కింది కోర్టుల న్యాయమూర్తుల సంగతి వేరు. వారి జీతాలు చాలాకాలం రాష్ట్ర ఉద్యోగుల పీఆర్సీలతోనే కలిసి నడిచాయి. 1993లో అఖిల భారత న్యాయమూర్తుల సంఘం కేసులో సుప్రీంకోర్టు ఈ ముడి విప్పింది. న్యాయమూర్తి ఉద్యోగి కాదని, మంత్రి, శాసనసభ్యుడు ఎలా రాజ్యాధికారాన్ని వినియోగిస్తారో న్యాయమూర్తి కూడా అలాగే వినియోగిస్తాడని, కాబట్టి అతన్ని పోల్చవలసింది కార్యదర్శులతో కాదని చెప్పింది. ఆ తర్వాత జస్టిస్ జగన్నాథ శెట్టి అధ్యక్షతన మొదటి జాతీయ న్యాయ వేతన సంఘం, జస్టిస్ పి.వెంకటరామ రెడ్డి అధ్యక్షతన రెండోది ఏర్పడ్డాయి. రెండో సంఘం సిఫారసులను సుప్రీంకోర్టు 2022లో ఆమోదించాక జూనియర్ సివిల్ జడ్జి తొలి మూల వేతనం 77,840 రూపాయలు అయింది. ఇక్కడ న్యాయమూర్తుల జీతంపై న్యాయస్థానమే ఆదేశాలిస్తున్నది కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆదేశాలిచ్చిన సుప్రీంకోర్టు న్యాయమూర్తులకు అందులో స్వలాభం లేకపోయినా, రాష్ట్రాల ఖజానాపై పడే భారాన్ని రాష్ట్రాలు కాకుండా కోర్టు నిర్ణయించడం ఇబ్బందికరమైన సంగతే. కానీ ముందు ఒక సంఘం అన్ని పక్షాల మాట విని నివేదిక రాసింది, ఆ నివేదిక బహిరంగంగా ఉంది, రాష్ట్రాలు తమ అభ్యంతరాలు కోర్టులో చెప్పుకున్నాయి. నేను చెప్పబోయే ప్రతి పోలికలోనూ ఈ మూడు సంగతులే కొలబద్ద.

ఇప్పుడు శాసనకర్తల దగ్గరికి వద్దాం. 1954లో పార్లమెంటు సభ్యుల జీతాల చట్టం వచ్చినప్పుడు జీతం నెలకు 400 రూపాయలు. అక్కడినుంచి 2010 దాకా ప్రతి పెంపునూ సభ్యులే చట్టం చేసుకున్నారు. 2010లో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ కార్యదర్శి జీతం 80,000 రూపాయలు కాబట్టి, అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువగా, 80,001 ఇవ్వాలని పార్లమెంటరీ కమిటీ సిఫారసు చేసింది. ప్రజాప్రతినిధి అధికారి కంటే పైవాడని చెప్పుకోవడానికి ఆ ఒక్క రూపాయి. చివరికి 16,000 ఉన్న జీతాన్ని 50,000 చేశారు. ఆ గొడవలో ప్రజలకు కలిగిన ఏవగింపు అంకె వల్ల కలగలేదు, తమ కొలతను తామే రాసుకోవడం వల్ల కలిగింది.

2018లో ఆర్థిక చట్టం ద్వారా పార్లమెంటు ఈ పద్ధతిని మార్చింది. జీతాన్ని లక్ష రూపాయలు చేసి, ఇకపై ప్రతి ఐదేళ్లకొకసారి ధరల సూచీ ప్రకారం దానంతట అదే మారేలా చట్టంలో రాసింది. ఆస్తి అమ్మినప్పుడు మూలధన లాభం లెక్క కట్టడానికి ఆదాయపు పన్ను శాఖ ఏటా ప్రకటించే సూచీయే ఇది. 2018-19లో ఆ సూచీ 280, 2023-24లో 348. లక్షను 348తో హెచ్చించి 280తో భాగిస్తే 1,24,000కు కాస్త పైన వస్తుంది. 2025 మార్చిలో కేంద్రం ప్రకటించిన కొత్త జీతం సరిగ్గా 1,24,000. ఈ లెక్క మీరు నల్లబల్ల మీద వేయించవచ్చు, తొమ్మిదో తరగతి పిల్లలు చేయగలిగినదే. మన దేశంలో ప్రజాప్రతినిధుల జీతం విషయంలో జరిగిన మంచి మార్పుల్లో ఇది ఒకటని నా అభిప్రాయం, ఎందుకంటే సభలో ఎవరూ చేయి ఎత్తనక్కరలేకుండా ధరలతో పాటు జీతం పెరుగుతుంది, ధరల కంటే ఎక్కువ పెరగదు. లోపమల్లా లక్ష అనే మొదటి అంకెను కూడా వాళ్లే పెట్టుకోవడం.

మన రాష్ట్రంలో అలాంటి సూచీ లేదు. 2016 మార్చిలో శాసనసభ బిల్లు ఆమోదించి సభ్యుల జీతభత్యాలను నెలకు 95,000 నుంచి 2,50,000 రూపాయల దాకా పెంచింది. ఇందులో జీతం అని రాసి ఉన్నది 20,000 మాత్రమే, మిగిలిన 2,30,000 నియోజకవర్గ భత్యం. ఈ విభజన ఊరికే చేసినది కాదు. శాసనసభ్యుడి జీతం మీద ఆదాయపు పన్ను ఉంటుంది, నియోజకవర్గ భత్యానికి మినహాయింపు ఉంటుంది. మీ జీతం బిల్లులో మూల వేతనం, కరవు భత్యం మొత్తం పన్ను పరిధిలోకే వస్తాయి. వాళ్ల మొత్తంలో ఎనిమిది శాతం మాత్రమే వస్తుంది. మీ విజ్ఞాపనలో ఈ సంగతి ఒక్క వాక్యం కూడా లేదు, ఉండవలసింది ఇదే. నియోజకవర్గంలో కార్యాలయం నడపడానికి, తిరగడానికి ఖర్చవుతుందనడంలో అబద్ధం లేదు. అలాంటప్పుడు ఖర్చును ఖర్చుగా చూపించి రసీదుల మీద ఇవ్వవచ్చు. జీతాన్ని భత్యం అనే పేరుతో ఇవ్వడం వల్ల ‘మా జీతం ఇరవై వేలే’ అని చెప్పుకోవడానికి వాళ్లకు, ‘రెండున్నర లక్షలు తింటున్నారు’ అని తిట్టడానికి మనకు వీలవుతోంది తప్ప నిజం ఎవరికీ తేటపడడం లేదు. ఉత్తరప్రదేశ్‌లో అయితే 1981 నాటి చట్టం ప్రకారం మంత్రుల ఆదాయపు పన్నును ప్రభుత్వమే దాదాపు నలభై ఏళ్లు కట్టింది. 2019లో ఈ విషయం పత్రికల్లో బయటపడ్డాకే ఆపుతామని ప్రకటించారు. కనిపించని చోట ఉన్న డబ్బు గురించి అడగడం కనిపించే జీతం గురించి అడగడం కంటే ఎప్పుడూ ఎక్కువ ఫలితం ఇస్తుంది.

అసలు జీతమే వద్దన్న మీ మొదటి పేరా గురించి ఒక మాట. బ్రిటన్‌లో కార్మికులు 1838లోనే పార్లమెంటు సభ్యులకు జీతం ఇవ్వాలని ఉద్యమం చేశారు. జీతం లేకపోతే భూస్వాములు, మిల్లు యజమానులు తప్ప కూలీ ఎవడూ సభలో కూర్చోలేడన్నది వారి వాదన. ఆ కోరిక 1911లో, ఏడాదికి 400 పౌండ్లతో తీరింది. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం 1889 నుంచి నేటి దాకా తన శాసనసభ్యులకు రెండేళ్ల పదవీకాలానికి 200 డాలర్లు మాత్రమే ఇస్తోంది. ఆ డబ్బుతో బతకడం కుదరదు కాబట్టి వేరే ఆదాయం ఉన్నవారికి, పదవీ విరమణ చేసినవారికి తప్ప అక్కడ సభ్యత్వం అందుబాటులో ఉండదు. జీతం తీసేస్తే మన సభలోకి ఎవరు వస్తారో, ఖర్చు ఎక్కడినుంచి రాబట్టుకుంటారో ఊహించడానికి మనకు కష్టం లేదు. మీ బడిలో చదువుకున్న పేద పిల్ల ఒకరోజు ఎమ్మెల్యే కావాలని మీరు కోరుకుంటే ఆ పిల్లకు బతకగలిగే జీతం ఉండాలి. మొదటి పేరా కూడా కొట్టేయండి.

ఇక మీ సంగతి. రాష్ట్ర ఉద్యోగులకు వేతన సవరణ సంఘం వేస్తారు, సంఘాలు వినతులు ఇస్తాయి, నివేదిక వస్తుంది, ఆ నివేదికకు ప్రభుత్వం కట్టుబడనక్కరలేదు. ఎటువైపైనా పోవచ్చు. బిశ్వాల్ అధ్యక్షతన ఏర్పడిన తెలంగాణ తొలి సంఘం 7.5 శాతం ఫిట్‌మెంట్ (పాత మూల వేతనం మీద ఇచ్చే పెంపు) సిఫారసు చేస్తే 2021 మార్చిలో ప్రభుత్వం 30 శాతం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో అశుతోష్ మిశ్రా సంఘం 27 శాతం అంటే 2022 జనవరిలో 23 శాతం ఇచ్చారు, దాంతో ఉద్యోగులు ఫిబ్రవరి 3న ‘చలో విజయవాడ’ అంటూ వేలాదిగా రోడ్డెక్కారు. ఎక్కువ ఇచ్చినా తక్కువ ఇచ్చినా, ఎన్నికల లెక్క, ఉద్యమాల లెక్క కలిపి వేసిన అంకె అది. సంఘం ఎందుకు అంత అన్నదో నివేదికలో ఉంటుంది, ప్రభుత్వం ఎందుకు ఇంత అన్నదో ఎక్కడా ఉండదు.

అయితే మీకు నిజంగా నష్టం జరిగింది ఫిట్‌మెంట్ దగ్గర కాదు. మీ సర్వీసు రిజిస్టరులో 2021 నాటి వేతన స్థిరీకరణ పత్రం తీసి చూడండి. పాత మూల వేతనం 40,000 అనుకుందాం. దానికి 2018 జూలై 1 నాటి 30.392 శాతం కరవు భత్యం 12,157 రూపాయలు, 30 శాతం ఫిట్‌మెంట్ 12,000 కలిపితే 64,157 అవుతుంది, ఆ పైన మాస్టర్ స్కేలులో, అంటే మూల వేతనాల మెట్ల పట్టికలో, తర్వాతి మెట్టు దగ్గర మిమ్మల్ని నిలబెడతారు. ఇంతవరకు బాగానే ఉంది. పత్రం పైభాగంలో మూడు తేదీలు ఉంటాయి. నోషనల్‌గా అమలు 2018 జూలై 1 నుంచి, ఆర్థిక ప్రయోజనం 2020 ఏప్రిల్ 1 నుంచి, చేతికి నగదు 2021 ఏప్రిల్ 1 నుంచి. మొదటి రెండు తేదీల మధ్య 21 నెలలు ఉన్నాయి. ఆ 21 నెలలు మీ జీతం కాగితం మీద పెరిగింది, ఆ డబ్బు మీకు ఎప్పటికీ రాదు. నేను అలాంటి పత్రాలు కొన్ని వందలు సరిచూశాను. ఆ మధ్యకాలంలో పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ‘నోషనల్ అంటే ఏమిటి బాబూ?’ అని అడిగితే, ‘లెక్కకు ఉంటుంది, చేతికి రాదు’ అని చెప్పడానికి నాకు గొంతు పెగల్లేదు.

ఇప్పుడు నేను గుర్తుపెట్టుకోమన్న మాట దగ్గరికి రండి. పార్లమెంటు సభ్యుల జీతం 2025 మార్చిలో ప్రకటించి 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తింపజేశారు. న్యాయమూర్తుల జీతం 2018లో చట్టం చేసి 2016 జనవరి 1 నుంచి ఇచ్చారు. మీ జీతం 2021లో నిర్ణయించి, 2018 నుంచి లెక్క కట్టి, 2020 నుంచి ఇచ్చారు. నోషనల్ అనే మాట చట్టం చేసే చేతులకు ఎప్పుడూ వర్తించదు. 2023 జూలై 1 నుంచి రావలసిన తర్వాతి సవరణ కోసం కూడా ఆ ఏడాది అక్టోబరులో, అంటే గడువు దాటాకే, సంఘాన్ని వేసి 5 శాతం మధ్యంతర భృతి ప్రకటించారు. ఒకే పద్ధతి ఉండాలన్న మీ రెండో పేరా ఇక్కడ బలపడుతుంది, కాకపోతే ‘ఒకే పద్ధతి’ అని గాలిలో వదిలేయకుండా ఈ తేదీలు పక్కపక్కనే రాయండి. తేదీలను ఎవరూ కాదనలేరు.

బయటి దేశాల్లో ఈ చిక్కును ఎలా విప్పారో మీ విజ్ఞాపనలో ఒక్క పేరాలో చెప్పవచ్చు. అమెరికా రాజ్యాంగానికి 27వ సవరణ ఉంది: కాంగ్రెస్ సభ్యులు జీతం మార్చుకుంటే అది మధ్యలో ఒక ఎన్నిక జరిగాకే అమలవుతుంది. పెంచేవాడికి ఆ పెంపు దక్కాలంటే ముందు ఓటరు దగ్గరికి వెళ్లి రావాలి. 1789లో ప్రతిపాదించిన ఈ సవరణ 1992 దాకా ఆమోదం పొందలేదు, ఒక విద్యార్థి పట్టుబట్టి రాష్ట్రాలకు ఉత్తరాలు రాయకపోతే అది ఎక్కడో అటక మీద ఉండిపోయేది. ఉత్తరాలు రాసే మీలాంటివారికి చెప్పదగిన కథ. బ్రిటన్‌లో సభ్యుల ఖర్చుల కుంభకోణం బయటపడ్డాక 2009లో ఒక స్వతంత్ర సంస్థను పెట్టారు, తర్వాత జీతం నిర్ణయించే పని కూడా దానికే అప్పగించారు. 2015లో అది జీతాన్ని 67,060 నుంచి 74,000 పౌండ్లకు పెంచినప్పుడు పార్టీల నాయకులే వద్దన్నారు, అయినా సంస్థ వినలేదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం 1986లో ఇంకొక అడుగు ముందుకు వేసింది. గవర్నరు, శాసనసభ్యులు, న్యాయమూర్తుల జీతాలను ఒకే పౌర సంఘం నిర్ణయిస్తుంది, అందులో కొందరు సభ్యులను ఓటర్ల జాబితా నుంచి లాటరీ తీసి ఎంపిక చేస్తారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. మన సభ దీన్ని వెంటనే ఒప్పుకుంటుందని నమ్మను కానీ, అడగకపోతే ఎన్నటికీ ఒప్పుకోదు.

హైకోర్టులో పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వేయమని ఎవరైనా సలహా ఇస్తే తొందరపడకండి. మాజీ పార్లమెంటు సభ్యుల పింఛనుపై వేసిన పిటిషన్‌ను 2018 ఏప్రిల్‌లో జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ ధర్మాసనం కొట్టివేసింది. అది చట్టసభ నిర్ణయించుకోవలసిన విషయమని చెప్పింది. మార్పు వస్తే సభ నుంచే రావాలి, వచ్చిన చోట్ల అలాగే వచ్చింది. పంజాబ్‌లో ఎన్నిసార్లు గెలిస్తే అన్ని పింఛన్లు తీసుకునే పద్ధతిని 2022లో ఆ రాష్ట్ర సభే చట్టం చేసి ఒక్క పింఛనుకు పరిమితం చేసింది.

కాబట్టి విజ్ఞాపనకు ముందు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో శాసనసభ సచివాలయానికి దరఖాస్తు పెట్టండి. 1953 నాటి జీతాలు, పింఛను చెల్లింపు, అనర్హతల తొలగింపు చట్టానికి 2014 తర్వాత చేసిన సవరణల ప్రతులు, ప్రతి సవరణ అమలు తేదీ, నియోజకవర్గ భత్యం కింద ఏడాదికి అయ్యే మొత్తం అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆ కాగితాలు చేతిలో ఉంటే కమిటీ ముందు మీ మాటకు వచ్చే బరువు వేరు. విజ్ఞాపనలో మీరు కోరవలసినవి నా దృష్టిలో ఇవి: జీతం, భత్యం విడివిడిగా, ఖర్చుకు లెక్కతో చూపాలి. సభ్యుల జీతాన్ని పార్లమెంటు చేసినట్టే ధరల సూచీకి కట్టాలి. మొదటి అంకెను సభ్యులు కాని వారి సంఘం సూచించి, ఆ నివేదికను సభలో పెట్టాలి. సూచీకి మించిన ఏ పెంపయినా తర్వాతి ఎన్నిక జరిగాకే అమలు కావాలి. ఉద్యోగుల పీఆర్సీకి గడువు తేదీ చట్టంలో ఉండాలి, నోషనల్ కాలం ఎందుకు పెట్టారో జీవోలోనే కారణం రాయాలి. ప్రభుత్వ ఉద్యోగిగా మీకు ప్రవర్తనా నియమావళి ఉంది, అందుచేత విజ్ఞాపనను మీ పేరుతో కాకుండా మీ ఉపాధ్యాయ సంఘం తరఫున పంపడం మంచిది. ఏ పార్టీని, ఏ నాయకుణ్ణి పేరు పెట్టి అనవద్దు.

ఆ అమ్మాయికి చెప్పవలసిన జవాబు ఇంకా బాకీ ఉంది. తరగతికి ఒక పని పెట్టండి. తరగతి లీడరుకు నెలకు కొంత డబ్బు ఇవ్వాలని అనుకుందాం, ఎంత అన్నది లీడరే చెప్పాలా, తరగతి చెప్పాలా, పక్క సెక్షను చెప్పాలా అని వాదించమనండి. లీడరు చేసిన తప్పుల మీద తీర్పు చెప్పే మరో పిల్లవాడికి డబ్బు ఎంతో లీడరు నిర్ణయించవచ్చా అని అడగండి. అరగంటలో వాళ్లంతట వాళ్లే 27వ సవరణ దాకా, 221వ అధికరణ దాకా వస్తారు. ‘మీ జీతం మీరెందుకు పెంచుకోరు’ అన్నదానికి మాత్రం మీరే చెప్పాలి: నా జీతం నేను నిర్ణయించుకోకూడదమ్మా, వాళ్లు కూడా నిర్ణయించుకోకూడదు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను అని.

విజ్ఞాపనను తిరగరాశాక మరోసారి నాకు పంపండి. తేదీలు, జీవో నంబర్లు సరిచూసి వారంలోగా తిప్పి పంపుతాను.